ఎవరి పొలం వాళ్ళదే

నక్షత్రం గీయడం తేలికని మా నాన్న చెప్పేవాడు.
చెయ్యెత్తకుండా అయిదు గీతలు.
ఈతమట్ట నలగ్గొట్టి కుంచె చేసుకుని
వెంగమనాయుడి పొగాకు బేరన్ గోడ మీద
నీలిమందుతో మొదటిది గీసినప్పుడు
ఆయనకు ఇరవై రెండేళ్ళు. అక్షరాలు రావు.
గుమాస్తా బొగ్గుతో రాసిచ్చిన మాటల మీదే
ముగ్గు దిద్దినట్టు దిద్దాడు:
ఎవరి పొలం వాళ్ళదే.

కందుకూరు నుంచి జీపులొచ్చాయి.
సమష్టి సేద్యమొస్తే
మీ గొడ్డూ గోదా, దొడ్లో చింతచెట్టూ
సర్కారు పద్దులో కలిసిపోతాయని మైకు చెప్పింది.
గొడ్డు లేనోళ్ళం, దొడ్డి లేనోళ్ళం
మేమూ భయపడ్డాం.
ఆ భయం కూడా ఆసామిదే,
మేం కౌలుకు తీసుకున్నాం.

మా బూతులో నక్షత్రం గెలిచింది.
గ్రేడింగ్ కొట్టంలో అమ్మకు బూందీ పొట్లమిచ్చారు.
ఆకు జిగురు చేతులతో తింటే
తీపంతా చేదెక్కిందంట.

రెండోసారీ గెలిచింది. మూడోసారికి జీపులు తగ్గాయి.

భూపరిమితి చట్టమొస్తుందన్న ఏడు
రాత్రిపూట లాంతరుతో వచ్చాడు గుమాస్తా.
నాన్న బొటనవేలికి సిరా పూశాడు.
సర్వే నంబరు 212, మూడెకరాల పది సెంట్లు,
మాల్యాద్రి పేర.
తెల్లారి ఆ చేలోకే కూలికి పోయాడు మాల్యాద్రి.
"ఎవరి పొలం వాళ్ళదే గదయ్యా" అని
ఒక్కసారి, నవ్వుతూనే, అన్నాడంట.
నాయుడూ నవ్వాడంట.
ఆ నవ్వు ఎంతసేపుందో నాన్న చెప్పలేదు.

తర్వాత ఢిల్లీలో ఎవరో కూర్చుని
పార్టీని ఇంకో పార్టీలో కలిపేశారు.
సమష్టి వద్దన్నోళ్ళు
సమష్టిగా కలిసిపోయారు.
మా ఊళ్ళో ఎవరూ ఏడవలేదు.
ఆఫీసు బోర్డు బేరన్ పొయ్యిలోకి పోయింది,
ఆ రాత్రి కూడా ఆకు పచ్చగా, మామూలుగానే పండింది.

కొత్త గుర్తు: చక్రంలో నాగలి మోసే రైతు.
నక్షత్రం మీద సున్నం కొట్టి
నాన్న గోడముందు చాలాసేపు నిలబడ్డాడు.
చక్రమొచ్చింది, నాగలొచ్చింది, మనిషి రాలేదు.
పదమూడేళ్ళ నన్ను పిలిచి
నాగలి భుజానికెత్తి ఎండలో నిలబెట్టాడు.
"ఏందిరా, ఆడపిల్లలా ఉండాడు రైతు" అన్నాడు నాయుడు.
నాన్న మీసం దిద్దాడు.

మాది అప్పుడు నెల్లూరు జిల్లా.
తర్వాత ప్రకాశం. మొన్న మళ్ళీ నెల్లూరు.
కాగితాల మీద ఊరు తిరిగి తిరిగి ఇల్లు చేరింది.
212 మాత్రం ఉన్నచోటే ఉంది,
నాయుడి మనవడు ప్లాట్లేయాలని
రాళ్ళు పాతించేదాకా.

కారు దిగి, చెప్పులు బయటే విడిచి వచ్చాడు.
"మాల్యాద్రి వారసురాలు మీరేనంట గదమ్మా,
ఒక్క సంతకం."
మర్యాదగానే అడిగాడు. టీ ఇచ్చాను.
ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.
నాకు అక్షరాలొచ్చునాయనా,
ముందు చదవనీ అన్నాను.

ఆయన టీ మీద మీగడ కట్టింది.
నేనింకా
మొదటి పేజీలోనే ఉన్నాను.