ట్యూబ్‌లైట్ కింది ఆట

మూడేండ్లు నా దగ్గర ఒకటే ప్లాను:
ఎడమ పక్క నుంచి బంతిని ఎత్తి కొట్టుడు,
నడుమల బాలస్వామి తలకాయ.
ఆరడుగుల రెండంగుళాలు. కోస్గి పిలగాడు.
బంతి ఎక్కడ పడాల్నో
వాని నెత్తి ముందే పోయి అక్కడ నిలబడేది.
దాన్ని నేను వ్యూహం అన్న.
నోటుబుక్కుల రంగు పెన్నులతోటి గీతలు గీసిన.
పోయిన ఎండకాలం వాడు కానిస్టేబులయిండు.

ఈ ఏడు వచ్చినోళ్లను గోడకు నిలబెట్టి కొలిస్తే
అందరి నెత్తులకు కలిపి ఒకటే గీత.
కుర్మయ్య, మైబు, సక్రు, అంజిలయ్య.
అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన అందరికన్న పొట్టోని పేరు
పర్వతాలు.
హాజరు పిలిచినప్పుడల్లా ఎవడో ఒకడు కిసుక్కుమంటడు.

అయినా నా నోటుబుక్కు నాదే.
ఎత్తి కొట్టుండ్రి అన్న. కొట్టిండ్రు.
వనపర్తిల బంతి గాలిల పోతుంటే
మావోళ్లు కింద నిలబడి
విమానాన్ని చూసే పోరగాండ్ల లెక్క చూసిండ్రు.
నాలుగు, సున్న.
తిరుగు బస్సుల ఎవ్వడు నోరు తెరవలే.
భూత్పూరు దాటినంక నేనే తిట్టిన:
"ఎగరనీకి ఏం రోగంరా మీకు?"
సక్రు కిటికీల నుంచి మొకం తిప్పకుండ అన్నడు:
"ఎగురుతున్నం సార్. అంతే వస్తది."

ఆ రాత్రి నిద్రపట్టక హాస్టలుకు పోయిన.
పై అంతస్తు వరండా, రెండు మంచాల వెడల్పు గూడ ఉండదు.
ఒక దిక్కు ట్రంకు పెట్టెలు, ఒక దిక్కు ఆరేసిన లుంగీలు,
నడుమల అరిగిన రబ్బరు బంతి, ఆరుగురు.
పైన ఒకటే ట్యూబ్‌లైట్.
అది పగిలితే వార్డెను మెస్ బిల్లుల కలుపుతడు.
అందుకే బంతి మోకాలు దాటి లేవదు.
కాలు నుంచి కాలుకు, గోడకు, మల్ల కాలుకు,
బకీట్ల సందుల నుంచి
ఆపుడు లేదు, చూసుడు లేదు.
సెలవుల్ల బాదేపల్లి యార్డుల
పల్లికాయ బస్తాలు అందుకునే కుర్మయ్యకు
ఏది ఏ దిక్కు నుంచి వస్తదో వీపుకే ఎరుక.
మెట్ల కాడ చీకట్ల నిలబడ్డ.
ఇరవై రెండేండ్ల నౌకరిల మొదటిసారి
విజిల్ నోట్ల పెట్టుకోలే.

పొద్దుగాల నోటుబుక్కు తేలే.
ఆకాశం దిక్కు చెయ్యి చూపిచ్చిన: "అగో, ట్యూబ్‌లైట్."
నవ్విండ్రు.
"ఈ గోలు నుంచి ఆ గోలు దాంక. పగిలిందంటె పైసలు మీయే."
గ్రౌండును సగం చేసి సున్నం పోసిన,
ఆ సగాన్ని మల్ల సగం చేసిన.
రెండు దినాలు రాళ్లే ఏరినం.
నేల మీద పోయే బంతికి
ప్రతి గులకరాయి ఒక డిఫెండరు.

గద్వాలోళ్లతోటి ఆట.
వాళ్ల వెనుక వరుసల ఇద్దరు, కరెంటు స్తంభాలు.
పావుగంట దాంక బంతి కోసం పైకే చూసిండ్రు,
అది వాళ్ల బూట్ల నడుమ నుంచి పోయింది.
మావి రెండు గోళ్లు, రెండూ మోకాలు లోపలే.
వాళ్లవీ రెండే, రెండూ నెత్తితోటి.
దానికి నా కాడ ఇంక మందు లేదు.
ఆఖరి నిమిషం. ఖాళీ గోలు. పర్వతాలు.
ఏం పుట్టిందో వానికి, ఎత్తి కొట్టిండు.
బారు మీదికెల్లి, ప్రహరీ మీదికెల్లి, కంపచెట్లల్లకు.
ఎవ్వడు ఉలుకలే, పలుకలే.
తర్వాత పదిమంది ఒక్కసారే:
"పాయెరా ట్యూబ్‌లైట్!"
రెఫరీకి సమజు కాలే.

బస్టాండు కాడ కరెంటు సామాన్ల దుకాణంల
నలభై వాట్లది ఒకటి కొని
పేపరు చుట్టి పర్వతాల చేతికిచ్చిన.
తోవంత కుదుపులే.
ఒళ్లె అడ్డం పెట్టుకొని,
నిద్రపోకుండ తెచ్చిండు.