ఓములో ఐదో వంతు

రాత్రి పదకొండు. అల్లిపురంలో మేడ మీది రేకుల గది.
తెల్లారితే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట,
వేలంపాటకి మైకు, మైకుకి నా యాంప్లిఫయర్.
స్పైస్ మాత్రం మొరాయిస్తోంది:
మాత్రిక కుదరడం లేదట.

ఏడో నోడు గాల్లో వేలాడుతోంది.
రెండు కెపాసిటర్ల మధ్య ఇరుక్కుని
డీసీకి నేల మీద కాలు మోపే దారి లేదు.
దానికో పెద్ద రెసిస్టర్ కట్టి
నూతిలోకి చేద వదిలినట్టు కిందికి దించాను.

కుదిరింది.
కుదిరి, ఒక గీత గీసింది. ఒట్టి గీత.
గాలి స్తంభించిన మే నెల మధ్యాహ్నం
రుషికొండ సముద్రం కూడా ఇంత చదునుగా ఉండదు.

ట్రాన్సిస్టర్ మోడళ్ళు మార్చాను.
బయాస్‌ని తిట్టాను.
టీ కోసం దిగి, బడ్డీ మూసేశారని తిరిగొచ్చాను.
అవతల పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది,
ఎవరి మోడలూ అడక్కుండా.

ఒంటిగంట దాటాక దొరికింది.
ఇన్‌పుట్ దగ్గర ఒకటి పక్కన ఎమ్ అని రాశాను.
నా మనసులో పది లక్షల ఓములు.
స్పైస్‌కి ఎమ్ పెద్దదైనా చిన్నదైనా మిల్లీయే,
ఓములో వెయ్యో వంతు.
మైకులో పడిన మాటంతా
గడప దాటకముందే నేల తాగేసింది.
మెగ్ అని కొట్టాను.
గీత ఒళ్ళు విరుచుకుని లేచింది.
నలభై వాట్లు, వంపుకి వంపు.

చాప మీంచి నూకరాజు మేస్త్రీ తలెత్తి చూశాడు.
"బొమ్మ బాగుంది గుంటా. పలుకుతాదేటి?"

*

పలికింది.
ఎవరూ నోరు తెరవకముందే పలికింది:
ఊఁఁఁ అని ఒకటే అరుపు,
ఐసు కొట్టేవాళ్ళ సుత్తులు ఆగిపోయేట్టు.
పాటపాడే పరశన్న మైకుని దూరంగా పట్టుకుని
పాముని చూసినట్టు చూశాడు.
మైలపల్లి ఎర్రమ్మ చందువాల తట్ట దించి అరిచింది:
"దాని నోరు ముయ్యండ్రా, చేప పాడైపోతంది!"

నేను ల్యాప్‌టాప్ తెరిచి
అందులో అంతా సరిగ్గానే ఉందని చూపించబోయాను.
మేస్త్రీ అటు చూడలేదు.
వేలు తడిచేసి ఇన్‌పుట్‌కి ఆనించాడు, తీశాడు, విన్నాడు.
స్పీకరు నల్ల వైరూ మైకు నల్ల వైరూ
ఒకే తుప్పు స్క్రూకి బిగించి ఉన్నాయి.
స్పీకరుది విప్పి,
సప్లైలో పెద్ద కెపాసిటర్ కాలికి నేరుగా కట్టాడు.
అరుపు ఆగింది.
"రెండూ ఒక మేకుకే కట్టీసినావు. అది ఇంటాది కదా,
తన మాట తానే."

పరశన్న గొంతు సవరించుకున్నాడు. పాట మొదలైంది.

*

ఐసు పెట్టె మీద కూర్చున్నాను.
కీబోర్డు నిండా ఉప్పు జిగురు.
నా తెర మీద నేల అంటే మూడు చిన్న గీతలు,
ఎక్కడ పెట్టినా అదే సున్నా,
దోషం లేని సున్నా.
ఇక్కడేమో జానెడు వైరు, ఒక తుప్పు స్క్రూ,
ఆ చివర సున్నా ఈ చివర సున్నా కాదు.

ఆ జానెడుకి విలువ కట్టాను:
ఓములో ఐదో వంతు.
ఒక మైక్రోవోల్టు చిటిక వేసి, రన్ నొక్కాను.

కాసేపు చదును.
తర్వాత ఎవరూ పిలవకుండా ఒక అల,
దాని వెనక దాన్ని మించింది,
సప్లై కప్పు తగిలి నెత్తి చదునయ్యేదాకా
పెరిగి పెరిగి అరిచింది, చప్పుడు లేకుండా.
రాత్రంతా తప్పు పోవాలని చూశాను.
తప్పు వచ్చినందుకు ఇప్పుడు
ఒళ్ళు పులకరిస్తోంది.

ఎర్రమ్మ తెరలోకి తొంగి చూసింది.
"ఏటే అది?"
"ఇందాక నువ్వు తిట్టిన కూత."
"మరి చచ్చినదాన్ని మళ్ళీ లేపుతావేటి?"

జవాబు వెతుక్కునేలోపు
చందువాల పాట మూడొందలు పెరిగింది,
ఆమె చెయ్యెత్తుతూ వెళ్ళిపోయింది.