ఆరు కాళ్లు

గంబోవా దగ్గర చాగ్రెస్ నది
తన పేరు వదిలేసి పనామా కాలువలో కలుస్తుంది.
ఓడలు పోతుంటాయి, ఒక్కొక్కటీ ఒక పేట అంత.
అవి లేపిన అల
గుర్రపుడెక్క చాపల్ని ఎప్పటికోగాని చేరదు.
చేరినప్పుడు చాపలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చి వదులుతాయి,
వాటి మీది గూళ్లు కూడా.

గూడు అనడం మర్యాదకి.
నాలుగు తడి ఆకులు, నాలుగు గుడ్లు.
గుడ్ల మీద నల్లసిరా గీతలు,
రాయడం రాని చెయ్యెవరిదో
సంతకం ప్రయత్నించినట్టు.

పెట్టిన ఆవిడ అక్కడ లేదు.
రెండు చాపల అవతల, మూడో మగడి ముంగిట,
పసుపు ముళ్ల రెక్కలు ఝళిపించి
ఇంకో జకానాతో సరిహద్దు తగువు తీరుస్తోంది.
పొదిగేది ఆయన.
ఎండకి ఆయనే గొడుగు.
నీళ్లలోని దుంగకి కళ్లు మొలిస్తే
అరిచేదీ ఆయనే.

పిల్లలు పగిలిన పూట
సూదిమొన మీద నిలిచేంత నెత్తురు తీశాను, నలుగురికీ.
గుర్తుకి కాలిగోళ్ల మీద గోళ్లరంగు:
నీలం, పచ్చ, నారింజ, తెలుపు.
(సీసాలు మిగ్దాలియావి. తిరిగివ్వలేదింకా.)
పడవ ఆపిపట్టిన బెలార్మీనో
"పెళ్లికి తయారుచేస్తున్నావా?" అన్నాడు.
ముప్పై ఏళ్లు పూడిక తీసే ఓడ మీద పనిచేసినవాడు,
గట్టిగా మాట్లాడతాడు, చెవులు సరిగా పనిచెయ్యవు.

నవంబరు వాన. పైన కొండల్లో ఎక్కడో.
రాత్రికి రాత్రి నీళ్లు లేచాయి.
తెల్లారి వెళ్తే మా చాప లేదు.
ఓడల బోయా పక్కన చిరిగిన ముక్కొకటి,
దాని మీద ఆయన నిలబడి ఉన్నాడు,
రెక్కలు కాస్త ఉబ్బెత్తుగా, చంకలో సంచులున్నవాడిలా.
దుర్భిణీలో చూస్తే
ఆయనకి ఆరు కాళ్లు.
రెండు ఆయనవి.
రెక్కల కిందనుంచి వేలాడుతున్నవి నాలుగు,
జంటకొక రంగు:
పచ్చ. నారింజ.

కాగితం మూడు వారాలకి వచ్చింది.
మిగ్దాలియా చేసేది తీసివేత లెక్క:
బిడ్డ గీతల్లోంచి తల్లి గీతలు కొట్టేస్తే
మిగిలినవి తండ్రివి.
నీలం, తెలుపు: ఆయనవే.
పచ్చ: ఎగువ చాప మగడిది.
నారింజ: మా జాబితాలో లేనివాడు.

పడవలోనే గట్టిగా చదివాను.
బెలార్మీనో తెడ్డు ఒళ్లో పెట్టుకుని
కాసేపు నీళ్లకేసి చూశాడు.
"ఆయన అడిగాడా నిన్ను?"

లేదు, అడగలేదు.
అలాగని ఆయన్ని ఋషిని చెయ్యకు, బెలార్మీనో.
ఆయనకి గోళ్లరంగు తెలీదు, లెక్కా తెలీదు.
నీళ్లు లేచినప్పుడు దగ్గరున్నవాటి మీద
రెక్క మూశాడు, అంతే.
ఇంకో మాట:
ఆయన గీతలు కూడా ఈ పూట
ఏ వెర్రిబాగులవాడి రెక్క కిందో
కాళ్లు వేలాడేసి ఉండొచ్చు,
మేమింకా చుక్క తీయని గూట్లో.

"ఉండొచ్చు," అన్నాడు. వినబడిందో లేదో.

రిజిస్టరులో తండ్రి గడి చిన్నది, ఒక అంకె పడుతుంది.
రాశాను. పచ్చకి పదిహేడు. నారింజకి ఒక ప్రశ్నార్థకం.
నీలం, తెలుపు వరసల్లో అంకె రాసి
పక్కన "లేవు" అని రాయాల్సి వచ్చింది.
ఇతర వివరాలు అన్న గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.
అందులో "ఆరు కాళ్లు" అని రాసి
కొట్టేయబోయి,
అల వచ్చి పడవ ఊగితే
పెన్ను పక్కకి జారి
కొట్టివేత గీత వరస దాటి పోయింది.

అలాగే ఉంచేశాను.