ఎర్ర నీళ్ల తాళంచెవి

నడుం కింద నేను లేను.
వెన్నులో సూది అక్కడ గీత గీసింది.
పచ్చ తెర అవతల ఎవరో సుత్తితో కొడుతున్నారు.
దెబ్బ దవడకు తెలుస్తోంది,
నొప్పి మాత్రం దారి తప్పింది.

"ఇక సిమెంటు, దోన్యా రెమెదియోస్," అంది డాక్టర్ అమాయా.
పొడిలో నీళ్లలాంటిదేదో పోసి కలుపుతున్న వాసన,
గోళ్లరంగు సీసా పగిలినట్టు.
"కాసేపట్లో వేడెక్కుతుంది. ఆ తర్వాత రాయే."

సిమెంటు.
మా ఇంట్లో మూడు తరాలు కూర్చుని భోంచేసిన మాట.

మేనమామ సిల్వెరియో కొలిమిలో
ఇనప పెట్టె నిండా ఎద్దు ఎముకల బొగ్గు కూరి
అందులో గొడ్డళ్లను పడుకోబెట్టి
మూత చుట్టూ బంకమట్టి మెత్తి
రాత్రంతా ఎర్రగా ఉంచేవాడు.
పొద్దున్నే "సిమెంటయింది" అనేవాడు.
చూద్దామంటే చిటికెడు సిమెంటు ఉండేది కాదు.
పైన చర్మం ఉక్కు, లోపల అదే మెత్తటి ఇనుము.
"మీ అత్తలాగే," అని నవ్వేవాడు,
అత్త వినేట్టుగా.

నా మొగుడు ఫెర్మిన్‌ది ఇంకో సిమెంటు.
గని బావి దింపుతుంటే
బండ పగుళ్లలోంచి నీళ్లు ఎగదన్నేవి.
చుట్టూ బెజ్జాలు వేసి పల్చటి సిమెంటు పాలు
పంపుతో లోపలికి తాగించేవాళ్లు,
బండ ఇక వద్దనేదాకా.
ఇంటికొచ్చేసరికి అతని కనుబొమలు గట్టిపడి ఉండేవి.
తడిగుడ్డతో విప్పేదాన్ని.
కనుబొమలు విప్పగలిగాను.

ఏటి ఒడ్డున ఎవరూ పని పురమాయించకుండానే
గులకరాళ్లన్నిటినీ తుప్పు ఒక బండగా పట్టుకుంది.
బడి పంతులమ్మ దాన్నీ ఆ మాటతోనే పిలిచింది.
ఎన్నేళ్లు పట్టిందని అడిగితే
"నీకేం తొందర?" అంది.

తాతది వేరు.
ఎవారిస్తో తాత కాలువల మనిషి.
గనిలోంచి పారే పుల్లటి నీళ్లలో
పాత ఇనుము పడెయ్యడం అతని ఉద్యోగం:
పట్టాల ముక్కలు, చేపల డబ్బాలు, ఒకసారి ఎవరిదో ఉయ్యాల.
నీళ్లు ఇనుమును తినేవి,
తిన్నచోట రాగిని పెట్టి పోయేవి.
ఆ ఎర్ర బురదను కాస్కరా అనేవాళ్లు, అంటే పెంకు.
చీపుళ్లతో ఊడ్చి ఆరబెట్టేవాళ్లు.
అదీ సిమెంటేషనేనట.
అక్కడ ఏదీ దేనికీ అతకలేదు.
ఒకటి పోయింది, ఒకటి వచ్చింది.

గొయ్యి పెరిగి పెరిగి మా వీధిని మింగినప్పుడు
కంపెనీ కొత్త ఇల్లిచ్చింది, కొత్త తాళం.
పాత తాళంచెవి చాన్నాళ్లు తాత జేబులోనే గలగలమంది.
ఒకనాడు దానికి రాగితీగ కట్టి కాలువలో వేలాడదీశాడు.
నాకు ఏడేళ్లు.
కొన్ని వారాలకు పైకి లాగితే
తాళంచెవే, పళ్లతో సహా, ఎర్రగా!
చెయ్యి చాపాను.
వేళ్ల మధ్య రాలిపోయింది, తడిసిన మిరప్పొడిలా.
తాత ఏమీ అనలేదు.
నా వేళ్లు తన చొక్కాకు తుడుచుకున్నాడు.

"డాక్టరమ్మా, అది ఎముకకు అంటుకుంటుందా?"

"అంటుకోదు. జిగురు కాదిది.
సందుల్లోకి పోయి బిగుసుకుంటుంది, అంతే."

అమ్మయ్య, అన్నాను.
ఫెర్మిన్ పనే అయితే.
తాత పనేమోనని భయపడ్డాను.

ఆమెకు అర్థం కాలేదు.
అరచేతిలో మిగిలిన తెల్లటి ముద్దను
వేలితో నొక్కి చూస్తోంది,
ఇంకా మెత్తగా ఉందా అని.