లాభం

పంకా ఆపేశాను. కిటికీకి తడిగోనె.
అయినా గుంటూరు గాలి కదా, యార్డు ఘాటు వదలదు.
తుమ్మానా, ఈ కాగితం పోయినట్టే.

పసుపు బల్బు కింద చుక్కలు లెక్కపెడతాను:
లాభం, రెండు, మూడు...
ఒక్క కాగితానికి పట్టే పల్లేడియం
సైదమ్మ రోజు కూలి.
పదకొండా, పన్నెండా?

కుంచె నిలువుగా, తర్వాత అడ్డంగా,
ఇల్లు అలుకుతూ వెనక్కి జరిగినట్టు.
ఆరుతున్న చోటికి చెయ్యి మళ్లీ పోకూడదు.

పోయింది.
సన్నటి చార.

డాబా మీద ఎండ చూపించి, కడిగి, ఆరేసి
తొడిమలు తీసే చోటికే పట్టుకెళ్లాను.
నుదుటి మీది చారని సైదమ్మ చూడనే లేదు.
ఫొటోలో తన ముందున్న కుప్ప మీద వేలు పెట్టి,
"ఏందయ్యా, ఎరుపే లేదు!
అన్నీ తాలుకాయలేనా?"