పదిహేను సెకన్లు

పార్క్‌లేన్‌లో పాత మానిటర్ అమ్ముతూ
ఖలీల్ భాయ్ ఒకటే మాట చెప్పాడు:
"దీని అసలు లెక్క పందొమ్మిది వందల ఇరవై, వెయ్యీ ఎనభై.
ఆ లెక్క తప్పితే బొమ్మ ఒళ్లు చేస్తది."
చిక్కడపల్లి దాకా బస్సులో
ఒళ్లో కూచోబెట్టుకుని తెచ్చాను.
కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు.

మెట్ల కింద మా షాపు.
పెళ్లి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు,
పదకొండో రోజు కార్డులు.
ప్రూఫు చూసేది వీరమల్లు సారు,
సీసపు అక్షరాలు వేళ్లతో ఏరిన కాలం నుంచీ.

ఖలీల్ భాయ్ లెక్కలో పెడితే
సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి
"ఇవి అక్షరాలా, ఆవాలా?" అంటారు.
పొద్దున నేను వచ్చేసరికి
లెక్క దించేసి ఉంటుంది.
సున్నా కోడిగుడ్డవుతుంది.
పత్రిక మీది గణపతి అడ్డంగా ఇంకాస్త పెరుగుతాడు,
ఆయనకది నప్పుతుంది గానీ
పెళ్లికూతుళ్లకి నప్పదు.
సారు అన్నానికి వెళ్లగానే నేను పెంచుతాను.
నాలుగింటికి చాయ్ తాగొచ్చి ఆయన దించుతారు.
మూడేళ్లుగా ఇంతే.
దీని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

లెక్క మార్చిన ప్రతిసారీ తెర గుప్పున చీకటై
వెలిగాక ఒక చిన్న పెట్టె అడుగుతుంది:
ఈ మార్పులు ఉంచమంటారా?
పదిహేను, పద్నాలుగు, పదమూడు...
జవాబివ్వకపోతే
తనే పాత లెక్కలోకి వెళ్లిపోతుంది.
బాగ్‌లింగంపల్లిలో గది ఖాళీ చేయించిన ఓనరు
నాకింత టైమివ్వలేదు.

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు.
వాన జల్లుకి షట్టర్ సగం దించి ఉంది.
ఒకామె వంగి లోపలికొచ్చింది.
కవరు లోపల కవరు, అందులో పాస్‌పోర్ట్ ఫోటో.
పేరు లోకనాథం, బస్ డిపోలో మెకానిక్.
స్కాన్ చేసి తెర మీద పెట్టాను.
సారు లెక్కలో ఉంది తెర, చూసుకోలేదు.

"ఆయన ఇట్ల ఉండకపోయె," అందామె.
"బక్కగ ఉండె. ఆఖర్ల మరీ బక్కగైండు."

నాలుక కరుచుకుని పెంచాను.
చీకటి. వెలుగు. ఉంచు అని నొక్కాను.
బుగ్గలు లోపలికి పోయాయి.
కాలర్ మెడకి వదులైంది.
ఆమె తడి లేని చేతుల్ని కొంగుకి తుడుచుకుంది.

"ముందటిదాంట్ల మంచిగుండె గద."
"కార్డులో అలా రాదమ్మా, అది తెర తప్పు.
కాగితం మీద ఉన్నదున్నట్టే పడుతుంది."
"పడకుంటె పడకపాయె.
ఒక్కపారి చూపియ్యి."

దించాను.
చీకట్లోంచి లోకనాథం వచ్చాడు,
మూడు పూటలా తిన్న మొహంతో,
కాలర్ నిండా మెడతో.
ఈ మార్పులు ఉంచమంటారా?
మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.

పదిహేను.
షట్టర్ మీద వాన.
పదకొండు.
నేను అంకెల్నే చూస్తున్నాను,
ఆమె వైపు చూడలేదు.
ఏడు.
సారు చేతిలో కాగితం పక్కన పెట్టారు.
నాలుగు.
"బువ్వ తిన్నట్టున్నడు," అంది,
ఎవరితోనో.
ఒకటి.

ఎవరూ ముట్టుకోకుండానే తెర ఆరి, వెలిగి
ఆయన ఒంటిని ఆయనకి ఇచ్చేసింది.

యాభై కార్డులు. అడ్వాన్సు రెండొందలు.
రసీదు రాసిచ్చి సారు
ముక్కు తగిలేంత దగ్గరగా తెర మీదికి వంగారు,
నా లెక్కలో, ఆ ఆవగింజల్లోకి.
ఆమె చెప్పులు వేసుకుని గడపలో నిలబడింది.
నాకు అప్పటికే ఇంకో పని గుర్తొస్తోంది.
"నాథంలో చుక్క ఏదిరా?" అన్నారు సారు.
"ధనంలో ధ కొట్టావు.
థ కడుపులో చుక్కుండాలి."

పెట్టాను.
తెర మీద ఆ చుక్కకి పట్టిన చోటు
నాలుగు గడులు.
ఆమె వెనక్కొచ్చి దాన్ని చూసి వెళ్లింది.

మర్నాడు పొద్దున షట్టరెత్తితే
తెర సారు లెక్కలోనే ఉంది.
శ్రావణానికి మొదటి పత్రిక వచ్చింది.
గణపతి ఒళ్లు చేసి కూచున్నాడు.
నాలుగింటి దాకా
పెంచలేదు నేను.