బోనుకు రెండో పూత

పొద్దున్నే వేయకూడదండి రంగు.
మంచు దిగిన ఇనుము చెమట పట్టిన వీపులా ఉంటుంది,
ఏ పూతా నిలవదు.
పది దాటాలి. అరచేయి ఆనిస్తే
వెచ్చగా, పొడిగా తగలాలి.
మా అయ్య నాకిచ్చిన ఆస్తి ఇదొక్కటే.
ఏటా కాలవ కట్టేసిన రోజుల్లో
లాకు తలుపులకి తారు పూసేవాడాయన.
నీళ్ళు మళ్ళీ వదిలేలోపు ఆరాలని
రాత్రిళ్ళు లేచి వేలితో తాకి చూసొచ్చేవాడు.

సఖినేటిపల్లి దాటి సముద్రం వైపు పోతే
పశువుల ఆసుపత్రి వెనక, గొట్టాల బోను.
సూదులకీ, చూలు కట్టించడానికీ, గిట్టలు చెక్కడానికీ
గేదెల్ని నిలబెట్టేది.
మంజూరైంది పదిహేను వందలు,
బ్రష్షుతో సహా.

తుప్పు పైనుంచి దిగుతుందనుకుంటారు అందరూ.
కాదు. కిందనుంచి ఎక్కుతుంది.
సిమెంటు దిమ్మలోంచి ఇనుము తల పైకెత్తే చోట
మూత్రం, పేడనీళ్ళు, వానాకాలమంతా తియ్యని బురద,
ఆపైన అంతర్వేది మీదుగా వచ్చే ఉప్పుగాలి.
అక్కడ జానెడు మేర
దిబ్బరొట్టె మాడుపెచ్చులా ఊడొచ్చింది గొట్టం.
బొటనవేలు నొక్కితే లోపలికి దిగింది.
వెల్డింగు సాల్మన్రాజుని పిలిచి అతుకేయించాను.
అతని కూలి నా కూలిలోంచే,
ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

వైరు బ్రష్షు పట్టి గీకుతుంటే
పచ్చ కింద నీలం, నీలం కింద ఇంకో పచ్చ,
దాని కింద ఎవరో మేకుతో గీసిన ఫోను నంబరు,
ఆరే అంకెలు.
ఏ గేదె కోసమో, ఏ రాత్రి కోసమో.
చెరపబుద్ధి కాలేదు. పైనుంచి పూసేశాను.

మెడ ఆనే అడ్డగొట్టం దగ్గర మాత్రం
గీకడానికేమీ లేదు.
ఇన్నేళ్ళ మెడలు ఒరుసుకుని ఒరుసుకుని
వెండి కడియంలా మెరుస్తోంది.
"దీనికెందుకయ్యా రంగు?" అన్నాడు అటెండరు అబ్బులు.
గేదెలు రాని నెల్లాళ్ళు చాలు దానికి, అన్నాను.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి
డబ్బా మీది చీమ అక్షరాలు చదివింది.
సీసం ఉన్నది వద్దు, నాకుతాయి, అంది.
నాకు తెలుసు నాకుతాయని.
నేను తరిమే ఉప్పే వాటికి రుచి.

మొదటి పూత, రెడ్డాక్సైడు,
మూడింటికి పూర్తయింది. బ్రష్షు కిరసనాయిల్లో పడేశానో లేదో
మంగాయమ్మ గేదెని తోలుకొచ్చారు.
పొద్దుటినుంచీ నొప్పులు, దూడ కాలొకటి లోపల మడతపడి.
"తడండీ! తడి!" అని నేను అరుస్తూనే ఉన్నాను.
ఎవరు వింటారు?
చివరికి నేనే తోకపట్టుకుని పక్కకి లాగి నిలబడ్డాను.
డాక్టరమ్మ చేయి భుజందాకా లోపల,
కళ్ళు మూసుకుని వెతుకుతోంది,
చీకట్లో గొళ్ళెం తడిమినట్టు.
గేదె ఒకసారి అటు, ఒకసారి ఇటు
తన బరువంతా తెచ్చి నా పూత మీద వేసింది.

పెయ్యదూడ. కిందపడి తుమ్మింది.

సాయంత్రానికి బోను నిండా నల్లటి వెంట్రుకలు,
తడి ఎరుపులో కూరుకుపోయి.
పూత కింద వెంట్రుక ఉంటే
అది నీళ్ళకి వేసిన కాలిబాట, అనేవాడు అయ్య.
మర్నాడు గరుకు కాగితంతో ఒక్కొక్కటే తీశాను.
గుప్పెడయ్యాయి.
మళ్ళీ మొదటి పూత. ఒకరోజు ఆరనిచ్చి
పచ్చ ఎనామిలు, సన్నగా, రెండు చేతులు.
ఆ రెండో రెడ్డాక్సైడు డబ్బా బిల్లు
ఇంకా అబ్బులు జేబులోనే ఉంది.

వారం పోయాక మంగాయమ్మ జున్ను గిన్నె ఇచ్చి నిలబడింది.
"ఆయ్, దాని డొక్కల మీద ఎర్రచారలు వదలట్లేదు,
టర్పెంటైను పెట్టి తుడవనా?"
వద్దమ్మా, తోలు మండిపోద్ది.
కొబ్బరినూనె రాయి, లేదా వెంట్రుకలు ఊడి
కొత్తవి వచ్చేదాకా ఊరుకో.

ఊరుకుంటే బాగుండునని నా స్వార్థం.
బోను మీద ఇప్పుడంతా పచ్చ.
నేను వేసిన మొదటి పూత
పైకి కనబడేది దాని డొక్కల మీదే.